గ్రంథాలయపు గాదె

కళాశాల గ్రంథాలయంలో ఒక పాత పుస్తకాన్ని తీసి చివరి అట్ట లోపలి వైపు చూస్తే, అక్కడ అతికించిన ఒక చీటీ కనిపిస్తుంది. పుస్తకాన్ని తిరిగి ఇవ్వవలసిన తేదీలు దాని మీద వరుసగా ముద్రలు వేసి ఉంటాయి. ఏ సంవత్సరం ఆ పుస్తకాన్ని ఎందరు ఇంటికి తీసుకువెళ్ళారో, ఏ సంవత్సరాలలో అది బీరువా దిగనే లేదో ఆ చీటీయే చెప్పుతుంది. పరీక్షలు సమీపించిన నెలలలో ముద్రలు దట్టంగా ఉంటాయి. వేసవి సెలవులలో ఖాళీ. ఒక పుస్తకపు జీవితచరిత్ర అంతా ఆ కాగితం ముక్క మీద ఉన్నదనవచ్చును. కాని లక్ష పుస్తకాలున్న గ్రంథాలయంలో లక్ష చీటీలుంటాయి. వాటినన్నిటినీ ఒకచోట పరచి చదవగలిగితే మనకేమి తెలుస్తుంది? తెలిసినదానితో ఏమి చేయవచ్చును? ఏమి చేయరాదు? విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఈ ప్రశ్నలకు వెదకుకొంటున్న సమాధానాలను నేడు శ్రోతలకు విన్నవించదలచినాము.

ఇప్పుడు ఆ చీటీ పనిని చాలాచోట్ల కంప్యూటరు చేస్తున్నది. పుస్తకం మీది బార్‌కోడును యంత్రానికి చూపగానే ఒక నమోదు జరుగుతుంది. పాఠకుడు గుర్తింపు కార్డుతో లోపలికి ప్రవేశిస్తే మరొక నమోదు. పుస్తకాల పట్టికలో ఒక మాట వెదకితే ఇంకొకటి. వసతిగృహంలో కూర్చుండి ఒక పరిశోధన వ్యాసాన్ని తెరపై తెరిస్తే వేరొకటి. అయితే ఈ నమోదులన్నీ ఒకచోట ఉండవు. ఇచ్చిపుచ్చుకొన్న పుస్తకాల లెక్క ఒక యంత్రంలో, కొనుగోళ్ళ పద్దు మరొకదానిలో, పత్రికల వాడకం లెక్క ప్రచురణకర్తలు పంపే పట్టికలలో ఉంటాయి. ఒకచోట శాఖ పేరు అక్షరాలలో ఉంటే, మరొకచోట అంకెలలో ఉంటుంది. పైగా పుస్తకాలు ఇచ్చే బల్ల వద్ద లెక్క ఆనాటి అవసరానికి మాత్రమే. పుస్తకం తిరిగి వచ్చినదా లేదా అన్నదే దానికి కావలసినది.

రైతు నాలుగు చేలలో పండిన పంటను కళ్ళానికి చేర్చుతాడు. తూర్పారబట్టి, తాలూ తప్పా తీసి, కొలిచి గాదెకెత్తుతాడు. వేర్వేరు పద్దులలోని నమోదులను ఇట్లే ఒకచోటికి చేర్చి, తప్పులు దిద్ది, ఒకే కొలతకు తెచ్చి, ఏళ్ళ తరబడి నిలువచేసే ఏర్పాటుకు డేటా వేర్‌హౌస్ అని పేరు. ఈ పద్ధతికి ఒక శాస్త్రరూపం ఇచ్చినవారిలో విలియం ఇన్‌మన్ ముఖ్యుడు. ఆయన గ్రంథం 1992లో వెలువడినది. గాదెలోని ధాన్యం విషయాల వారీగా అమర్చి ఉండవలెను. ఒకే తీరున ఉండవలెను. ఏ గింజ ఏ కాలానిదో తెలియవలెను. క్రొత్తది వచ్చినంత మాత్రాన పాతది చెరిగిపోరాదు. ఆయన చెప్పిన లక్షణాల సారాంశం ఇది.

గాదె నిండినంత మాత్రాన అన్నం కాదు. ఆ నిలువలో నుండి ఉపయోగపడే సంగతిని బయటికి తీయడమే డేటా మైనింగ్; గనిని త్రవ్వడం వంటిది. నిరుడు ఫలానా పుస్తకాన్ని ఎందరు చదివినారని అడిగితే అది మామూలు లెక్క. ఏ పుస్తకానికి ఏ పుస్తకంతో పొత్తు ఉన్నదో, ఏ రకపు పాఠకులు ఏ కాలంలో ఏమి చదువుతారో, మనం ముందుగా ఊహించని సంబంధాలను యంత్రం చేత వెదకించి పట్టుకోవడం దీని ప్రత్యేకత. 1993లో రాకేశ్ అగ్రవాల్, మరి ఇద్దరు సహచరులు అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో ఇట్టి పద్ధతి ఒకదానిని ప్రకటించినారు. అది మొదట అంగడి లెక్కలకు ఉద్దేశించినది: ఏ సరుకుతోపాటు ఏ సరుకు కొంటున్నారన్నది అందలి ప్రశ్న. పుస్తకాలకు కూడ అదే ప్రశ్న వర్తిస్తుంది.

దీనిని ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక కళాశాలలో 1,000 మంది విద్యార్థులున్నారనుకొందాము. వారిలో 100 మంది ఒక వ్యాకరణ గ్రంథాన్ని తీసుకొన్నారు. ఆ నూరుగురిలో 60 మంది ఒక నిఘంటువును కూడ తీసుకొన్నారు. వ్యాకరణం చదివేవారికి నిఘంటువు కావలెనని మనం వెంటనే తీర్మానించవచ్చునా? తొందరపడరాదు. కళాశాల మొత్తంమీద 600 మంది ఆ నిఘంటువును తీసుకొని ఉంటే, నూటికి 60 అన్నది అందరికీ సమానమే. అందులో విశేషం లేదు. కళాశాలలో 150 మంది మాత్రమే దానిని తీసుకొని ఉంటే, మామూలు పాఠకునికంటె వ్యాకరణ పాఠకుడు నిఘంటువును నాలుగు రెట్లు ఎక్కువగా కోరుతున్నాడన్నమాట. అప్పుడు అది నిజమైన సంబంధం. ఏ అంకెను ఏ అంకెతో పోల్చవలెనో తెలియడంలోనే ఈ విద్య రహస్యమంతా ఉన్నది.

ఇంగ్లండు ఉత్తర భాగాన హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి గ్రంథాలయం 2005 నుండి తన పుస్తకాల పట్టికలో ఒక సదుపాయం కల్పించినది. ఒక పుస్తకం కొరకు వెదకిన విద్యార్థికి, దానిని తీసుకొన్నవారు మరేయే పుస్తకాలు తీసుకొన్నారో కూడ తెరపై కనిపిస్తుంది. అనుభవజ్ఞుడైన గ్రంథపాలకుడు బల్ల వద్ద నిలిచి, ఇది చదివినావా, అయితే అది కూడ చూడు అని చెప్పే మాట వంటిదే ఇది. కాని అర్ధరాత్రి వేళ కూడ చెప్పగలదు. 2008 డిసెంబరులో ఆ విశ్వవిద్యాలయం పదమూడేళ్ళ కాలంలో జరిగిన సుమారు 30 లక్షల ఇచ్చిపుచ్చుకోళ్ళ సారాన్ని, పాఠకుల పేర్లు లేకుండ, ఎవరైనా వాడుకొనేందుకు బహిరంగంగా విడుదల చేసినది. పాఠకుడు ఎవరో చెప్పకుండ పఠనం ఎట్లు సాగుతున్నదో చెప్పవచ్చునన్న సంగతికి అది మంచి నిదర్శనం.

ఇక పుస్తకాల లెక్కకు వద్దాము. గ్రంథాలయంలో ఏయే పుస్తకాలు నిజంగా కదులుతున్నవి? కంప్యూటర్ల వాడకం విస్తరించక మునుపే ఈ విచారణ మొదలైనది. 1969లో రిచర్డ్ ట్రూస్‌వెల్ అనే పరిశోధకుడు, గ్రంథాలయంలో జరిగే వాడకంలో నూటికి ఎనుబది పాళ్ళు, ఉన్న పుస్తకాలలో నూటికి ఇరువది పాళ్ళతోనే తీరిపోతున్నదని వ్రాసినాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంపై 1979లో వెలువడిన నివేదిక మరింత కలకలం రేపినది. అక్కడ 1969లో కొన్న పుస్తకాలలో దాదాపు 40 శాతం 1975 వరకు ఒక్కసారి కూడ గ్రంథాలయపు గడప దాటలేదట. కార్నెల్ విశ్వవిద్యాలయం 2010లో తన లెక్క చూచుకొంటే, 1990 తరువాత ప్రచురితమై అక్కడికి చేరిన పుస్తకాలలో సుమారు 55 శాతం ఎవరూ తీసుకోలేదని తేలినది. ఒహాయో రాష్ట్రంలోని కళాశాలల సమష్టి గ్రంథాలయ వ్యవస్థను గురించి 2011లో వచ్చిన అధ్యయనంలో, వాడకంలో 80 శాతం కేవలం 6 శాతం పుస్తకాలదేనని వెల్లడియైనది.

ఈ అంకెలు విన్న కోశాధికారికి ఏమి తోచును? కదలని పుస్తకాలను తీసివేసి ఆ గదిలో బల్లలు వేయవచ్చును గదా అని తోచును. అందులో తప్పు లేదు. స్థలానికీ ధనానికీ హద్దులున్నవి. ఒకే పాఠ్యపుస్తకం పాత ముద్రణలు ఇరువది ప్రతులు దుమ్ము పట్టి ఉండనవసరం లేదు. అయినను, కదలలేదు అన్న మాటకూ అక్కరలేదు అన్న మాటకూ మధ్య చాలా దూరమున్నది. పిట్స్‌బర్గ్ నివేదికకు ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యులలోనే కొందరు ఆక్షేపణ తెలిపినారు. గ్రంథాలయంలోనే కూర్చుండి చదివి బీరువాలో పెట్టివేసిన పుస్తకానికి ముద్ర పడదు. అడిగి, లేదనిపించుకొని వెళ్ళిన పాఠకునికి కూడ ఏ పద్దులోనూ చోటు లేదు.

మన తెలుగు పుస్తకాల విషయంలో ఇది మరీ గమనింపదగినది. తెలుగు పుస్తకం పేరును రోమను లిపిలో నమోదుచేసిన పట్టికలు ఇంకా ఉన్నవి. 'భారతము' అన్న మాటలోని తకారానికి ఒకరు 'టి' ఒక్కటే వ్రాస్తారు. మరొకరు దానిప్రక్కన 'హెచ్' చేర్చుతారు. చివరి 'ము' ఒకరు ఉంచుతారు, ఒకరు తీసివేస్తారు. విద్యార్థి తనకు తోచిన అక్షరాలతో వెదకుతాడు, యంత్రం లేదంటుంది. పుస్తకం బీరువాలోనే ఉన్నది. ఏడాది చివర లెక్క తీసేసరికి ఆ పుస్తకాన్ని ఎవరూ కోరలేదని వస్తుంది. అందువలన జాగరూకులైన గ్రంథపాలకులు పుస్తకాల వాడకంతోపాటు విఫలమైన వెదకులాటల నమోదులను కూడ పరిశీలిస్తారు. ఆ జాబితాలో పుస్తకాల లోపమూ, పట్టికల లోపమూ రెండూ బయటపడతాయి.

మరొక ఉదాహరణ చూడండి. 1962 నుండి అమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, పి.ఎల్. 480 అనే చట్టం క్రింద, న్యూఢిల్లీలోని తన కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలను కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపినది. మనం దిగుమతి చేసుకొన్న గోధుమల ధర క్రింద చెల్లించిన రూపాయలలో కొంత భాగం ఇట్లు పుస్తకాలుగా మారినది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నవి. షికాగోలోనో, విస్కాన్సిన్‌లోనో ఒక తెలుగు నవలను పది సంవత్సరాలకు ఒక్కరు తెరిచిన తెరవవచ్చును. వాడకం లెక్క ప్రకారం అది పనికిరాని పుస్తకం. కాని ఇక్కడ చెదలు తినివేసిన ప్రతికి అక్కడ జంట మిగిలి ఉంటే, ఆ ఒక్క పాఠకుని రాకకై ఆ పుస్తకం వేచి ఉండడం వ్యర్థం కాదు.

మేము రేడియోలో పనిచేసేవారము. ఎక్కువమంది కోరిన పాటలనే ఉదయం నుండి రాత్రి వరకు ప్రసారం చేస్తే శ్రోతల సంఖ్య పెరుగునేమో. అప్పుడు వీణ కచేరీ కొరకు వేచి కూర్చున్న ఏ కొద్దిమందికో రేడియో లేనట్లే. సంఖ్యను లెక్కించడం అవసరం. సంఖ్యకే సర్వాధికారం ఇవ్వడం అవసరం కాదు.

ఈ చిక్కుకు కూడ గాదెలోనే కొంత విరుగుడు ఉన్నది. ఒక్క గ్రంథాలయపు లెక్క చూస్తే ఏ పుస్తకం కదలలేదో మాత్రమే తెలుస్తుంది. నూరు గ్రంథాలయాల లెక్కలు కలిపి చూస్తే, ఏ పుస్తకానికి లోకంలో ఎన్ని ప్రతులు మిగిలినవో కూడ తెలుస్తుంది. అమెరికాలో 2008లో ఏర్పడిన హాతీట్రస్ట్ అనే విశ్వవిద్యాలయ గ్రంథాలయాల సమాఖ్యలో, కొన్ని గ్రంథాలయాలు ఫలానా పుస్తకాలను మేము తీసివేయము అని ఒప్పుకొని పంచుకొన్నవి. ఇట్టి ఒప్పందం ఉన్నప్పుడు మిగిలినవారు నిశ్చింతగా తమ ప్రతిని వదలుకొనవచ్చును. మన దేశంలో ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నిర్వహిస్తున్న ఇండ్‌క్యాట్ అనే విశ్వవిద్యాలయాల ఉమ్మడి పట్టిక ఇట్టి పనికి పునాది కాగలదు. పుస్తకాన్ని తీసివేయమని చెప్పే లెక్కయే, విరివిగా కూర్చినప్పుడు, దీనిని ఉంచుకొండు, ఇది చివరి ప్రతి అని హెచ్చరిస్తుంది.

ఇంతవరకు పుస్తకాలను గురించి చెప్పుకొన్నాము. పాఠకుల విషయం ఇంతకంటె సున్నితమైనది. గ్రంథాలయాన్ని వాడే విద్యార్థికి మార్కులు ఎక్కువ వస్తాయా? ఈ ప్రశ్నకు అంకెలతో సమాధానం చెప్పవలెనని కొన్ని విశ్వవిద్యాలయాలు పూనుకొన్నవి. ఆస్ట్రేలియాలోని వొలన్‌గాంగ్ విశ్వవిద్యాలయం లైబ్రరీ క్యూబ్ అనే పేరుతో ఒక నిలువను ఏర్పరచి, గ్రంథాలయపు వాడకం లెక్కలను విద్యార్థుల మార్కులతో జోడించి పరిశీలించినది. 2011లో హడర్స్‌ఫీల్డ్ నాయకత్వాన ఎనిమిది బ్రిటిషు విశ్వవిద్యాలయాలు, 33 వేలకు పైగా విద్యార్థుల వివరాలతో అట్టి అధ్యయనమే చేసినవి. పుస్తకాలు తీసుకోవడానికీ, తెరపై పత్రికలు చదవడానికీ, డిగ్రీలో వచ్చిన శ్రేణికీ సంబంధం కనిపించినది. గ్రంథాలయ భవనంలోకి ఎన్నిసార్లు వెళ్ళినారన్న దానికి మాత్రం అట్టి సంబంధం తేలలేదు. మిత్రులతో కబుర్లకు వెళ్ళినవారూ ఆ ద్వారం గుండానే వెళ్ళి ఉంటారు గదా!

అయితే పుస్తకం తీసుకొన్నందువలన మార్కులు వచ్చినవా, లేక శ్రద్ధగల విద్యార్థి కనుక రెండూ చేసినాడా? దీనిని ఆ లెక్క చెప్పజాలదు; ఆ పరిశోధకులు కూడ ఇది కార్యకారణ సంబంధం కాదని స్పష్టంగా చెప్పినారు. ఆ లెక్క వలన ప్రయోజనం వేరొకచోట ఉన్నది. మొదటి సంవత్సరంలో ఏ శాఖ విద్యార్థులు గ్రంథాలయం వంకకే రావడం లేదో అది చూపుతుంది. అప్పుడు గ్రంథపాలకుడు ఆ తరగతికి స్వయంగా వెళ్ళి, పట్టిక ఎట్లు చూడవలెనో, వ్యాసం ఎట్లు వెదకవలెనో నేర్పవచ్చును. పల్లె నుండి వచ్చి, ఎవరిని ఏమని అడగవలెనో తెలియక తలుపు దగ్గరనే ఆగిపోయే పిల్లవానికి ఆ ఒక్క గంట ఎంతో మేలు చేస్తుంది.

ఇక్కడనే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. మన పెద్దలు గాదె క్రింది పందికొక్కును గురించి చెప్పినారు. నిలువ ఉన్నచోటికి అది వెదకుకొంటూ వస్తుంది. ఒక యువకుడు ఏయే రాత్రులలో ఏయే రాజకీయ గ్రంథాలు చదివినాడో, ఒక యువతి ఏ వ్యాధిని గురించి పుస్తకాలు తిరగవేసినదో పేరుతో సహా పదేళ్ళు నిలువ ఉంటే, దానిని చూడగోరేవారికి కొదువ ఉండదు. ఇది ఊహ కాదు. 1987లో అమెరికాలో ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు కొలంబియా విశ్వవిద్యాలయపు గణిత విజ్ఞాన గ్రంథాలయానికి వెళ్ళి, విదేశీ పాఠకులు ఏమి చదువుతున్నారని విచారించిన సంగతి బయటపడినది. గ్రంథపాలకుల సంఘం తీవ్రంగా నిరసించినది. పాఠకుని రహస్యాన్ని కాపాడవలెనన్నది ఆ సంఘం 1939లోనే తన నీతినియమాలలో చేర్చుకొన్న ధర్మం.

ధర్మానికి తగిన ఉపాయం కూడ ఉన్నది. గ్రంథాలయ దత్తాంశాల త్రవ్వకానికి బిబ్లియోమైనింగ్ అనే పేరును 2003 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన స్కాట్ నికల్సన్, నమోదును గాదెకెత్తక ముందే పాఠకుని పేరూ, కార్డు సంఖ్యా తీసివేసి, శాఖ, తరగతి వంటి సామాన్య వివరాలను మాత్రమే నిలుపవలెనని సూచించినాడు. తాలును కళ్ళంలోనే వదలివేసినట్లు పేరును గడప వద్దనే వదలివేయవలెను. అయినను మెలకువ కావలెను. ఒక శాఖలో ఒక్కరే పరిశోధక విద్యార్థిని ఉన్నప్పుడు, ఫలానా శాఖ పరిశోధకులు అని వ్రాస్తే పేరు వ్రాసినట్లే. కనుక సంఖ్య మరీ తక్కువైనచోట రెండు మూడు శాఖలను కలిపి చూపవలెను. కారణం లేకుండ ఏ వివరమూ సేకరించరాదు. పని తీరిన తరువాత ఉంచరాదు. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వెనుకనున్న భావం కూడ ఇదే.

మన దేశంలో ఈ చర్చకు ఇప్పుడు ప్రత్యేకమైన అవసరం ఏర్పడినది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి నుండి అమలులోకి వచ్చినది. మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దాని లక్ష్యం. అంత ధనం వెచ్చించినప్పుడు ఎవరు ఎంత చదివినారన్న లెక్క అడగక తప్పదు. ఒక పత్రికల కట్టకు 10 లక్షలు చెల్లించి 20,000 సార్లు వాడితే ఒక్కొక్క వాడకానికి 50 రూపాయలు. 2 లక్షల కట్టను 40 సార్లు మాత్రమే తెరిస్తే ఒక్కొక్కదానికి 5,000 రూపాయలు. ఈ పోలిక ఉపయోగకరమే. కాని ఒక చిన్న పట్టణపు ప్రభుత్వ కళాశాలలో వాడకం తక్కువగా కనిపిస్తే, వారికి అక్కరలేదని వ్రాసివేయరాదు. అక్కడ గ్రంథపాలకుని ఉద్యోగం ఖాళీగా ఉన్నదేమో, పథకం సంగతి ఎవరూ చెప్పలేదేమో విచారించవలెను.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా ఉండిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ఏర్పరచినాడు. పుస్తకం వాడుకకే ఉన్నదన్నది అందులో మొదటి సూత్రపు భావం; ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడుంటాడన్నది మూడవదాని భావం. వాడకం లెక్కలు మొదటి సూత్రానికి సేవ చేస్తాయి. ఆ లెక్కల మోజులో మూడవ సూత్రాన్ని మరువకుండ చూచుకోవడం గ్రంథపాలకుని విజ్ఞత.

ఈ పనికి గొప్ప యంత్రాలే కావలెనని లేదు. సోల్, కోహా వంటి సాఫ్ట్‌వేరు ఉన్న సామాన్య కళాశాల కూడ ఏటేటా మూడు జాబితాలు తీయవచ్చును: అయిదేళ్ళుగా కదలని పుస్తకాలు, అడిగి దొరకనివి, అసలే రాని తరగతులు. మొదటి జాబితాను ఆయా విషయాల ఉపాధ్యాయులకు చూపి, వారి మాట విన్న తరువాతనే పుస్తకాన్ని తీయవలెను. రెండవదానిని చూచి క్రొత్త పుస్తకాలు కొనవలెను, పట్టికలు సవరించవలెను. మూడవదానిని చేతబట్టుకొని తరగతి గదికి నడవవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ ఏ విద్యార్థి పేరూ అవసరం లేదు.

తమ పిల్లలను కళాశాలకు పంపుతున్న శ్రోతలు, ఫీజు ఎంత, బస్సు ఉన్నదా అని అడిగేటప్పుడు గ్రంథాలయాన్ని గురించి కూడ రెండు ప్రశ్నలు అడగవలెనని మా మనవి. మా బిడ్డకు కావలసిన పుస్తకం ఇక్కడ లేకపోతే ఆ సంగతి మీకెట్లు తెలుస్తుంది? మా బిడ్డ చదివిన పుస్తకాల జాబితా ఎవరెవరు చూడవచ్చును? ఈ రెండింటికీ తడుముకోకుండ సమాధానం చెప్పగలిగిన గ్రంథాలయం తన గాదెను చక్కగా కాపాడుకొంటున్నదని నమ్మవచ్చును.